విశ్వవిద్యాలయ పాఠ్యప్రణాళికలో అంతర్జాతీయ దృష్టి: ఉత్తర తెలంగాణ సీమ

విశ్వవిద్యాలయమున బోధించు శాస్త్రము నేదియైనను ఒక్క దేశపు అనుభవమునకే పరిమితము చేయక, ఇతర దేశముల విజ్ఞానముతోను, వ్యవస్థలతోను, వారు ఎదుర్కొనిన చిక్కులతోను సరిపోల్చి చూచుటకు వీలగునట్లు పాఠ్యాంశములను, పఠనీయ గ్రంథములను, బోధనా పద్ధతిని, పరీక్షా విధానమును తీర్చిదిద్దుట పాఠ్యప్రణాళిక అంతర్జాతీయీకరణ మనబడుచున్నది. విద్యార్థులు విదేశములకు పోవుట, విదేశీయు లిచటికి వచ్చుట, రెండు విశ్వవిద్యాలయముల అధిపతులు ఒడంబడిక పత్రములపై సంతకములు చేసికొనుట మున్నగునవి దీనికి సాధనములు మాత్రమే. కెనడా విద్యావేత్త జేన్ నైట్ ఉన్నతవిద్య యొక్క లక్ష్యములందును, కార్యములందును, బోధనమునందును అంతర్జాతీయ దృష్టిని, సంస్కృతుల పరస్పర పరిచయమును మేళవించు ప్రక్రియగా దీనిని నిర్వచింపగా, ఆస్ట్రేలియాకు చెందిన బెట్టీ లీస్క్ ఆ భావమును పాఠ్యప్రణాళికకు ప్రత్యేకముగా అన్వయించి 2015లో ఒక గ్రంథము వెలువరించినది. స్వీడన్ దేశమున 1998లో నెలకొల్పబడిన మాల్మో విద్యాసంస్థలో అంతర్జాతీయ వ్యవహారములు చూచిన బెంగ్ట్ నిల్సన్ మరియొక ముఖ్య ప్రశ్నను లేవనెత్తెను. విదేశములకు పోగల విద్యార్థులు కొందఱే కదా, పోలేని అధికసంఖ్యాకులకు ఉన్నచోటనే ప్రపంచ పరిచయము గలిగించు టెట్లు అనునది ఆ ప్రశ్న. స్వస్థలమందలి అంతర్జాతీయీకరణ మను వాదము 1999 మొదలు ఐరోపాలో ప్రబలుటకు ఇదియే మూలము.

కరీంనగరమునకు ఉత్తరమున నున్న చొప్పదండి వంటి పట్టణములనుండి, వాని చుట్టుపట్ల పల్లెలనుండి వచ్చి డిగ్రీ కళాశాలలలో చేరు యువతీయువకుల విషయమున ఈ ప్రశ్నకు మాల్మోలో కంటె ఎక్కువ బరువు గలదు. ఈ సీమ ఇండ్లకు విదేశములు క్రొత్తవి కావు. దుబాయి, మస్కటు, రియాదు, దోహా నగరముల పేర్లు పలుకని వాడ ఇచట అరుదు. అయినను ఆ దేశముల చరిత్రయు, చట్టములును, ఆర్థికస్థితియు మన కళాశాలల పాఠ్యగ్రంథములలో చోటు సంపాదింపలేదు. ఇంటికి తెలిసిన ప్రపంచమునకును, తరగతిగదికి తెలిసిన ప్రపంచమునకును నడుమ నున్న ఈ యెడమే ప్రస్తుత వ్యాసమునకు ముఖ్యవిషయము.

పూర్వరంగము

విద్యకు ఎల్లలు లేని కాలము తెలుగుదేశమునకు క్రొత్త గాదు. చీనా యాత్రికుడు హ్యూయన్ త్సాంగు క్రీస్తు శకము ఏడవ శతాబ్దిలో ధాన్యకటకమున కొన్ని మాసములు నిలిచి, అచటి భిక్షువులకడ మహాసాంఘికుల అభిధర్మమును అభ్యసించుచు, తానెఱిగిన మహాయాన శాస్త్రములను వారికి బోధించెను. గురుశిష్యత్వము ఇరువైపుల నడచిన ఇట్టి వినిమయమే నేటి పండితులు కోరునట్టి ఆదర్శము. అంతకు పూర్వమే శాతవాహనుల కాలమున, నేటి చొప్పదండికి అనతిదూరముననున్న ధూళికట్టలో బౌద్ధస్తూపము వెలసినది. పెద్దబంకూరు త్రవ్వకములలో శాతవాహన నాణెములు వేలకొలదిగా బయల్పడగా, వానితోపాటు రోమక నాణెములును లభించినవి. గోదావరి తీరమందలి కోటిలింగాలలో శాతవాహన వంశమూలపురుషుడగు సిముకుని నాణెములు దొరకుటచేత ఆ వంశచరిత్రయే క్రొత్త వెలుగులో పరిశీలింపవలసి వచ్చినది. ఇట్టి సీమలో చరిత్ర చదువు విద్యార్థికి రోమక సామ్రాజ్య వాణిజ్యమును పరాయిదేశపు కథగా బోధింపనక్కఱలేదు. అది అతని మండలమున మట్టిలోనుండి వెలువడిన నాణెముతోనే ప్రారంభము కాగలదు.

ఉస్మానియా ప్రయోగము

ఆధునిక కాలమున ఈ ప్రాంతమునకు సంబంధించిన మొదటి మహాప్రయత్నము ఉస్మానియా విశ్వవిద్యాలయము. ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీ ఖాను ఫర్మానుపై 1918లో వెలసిన ఈ విద్యాపీఠము ఆంగ్లమును నిర్బంధపాఠముగా నిలుపుకొనుచునే, వైద్యము, ఇంజనీరింగు మొదలుగా సమస్త శాస్త్రములను ఉర్దూభాషలో బోధించుటకు పూనుకొనెను. ఆంగ్లప్రభుత్వపు విశ్వవిద్యాలయములన్నియు ఆంగ్లమున నడచుచుండిన ఆ దినములలో ఒక భారతీయ భాషయందు ఉన్నతవిద్యను ఆసాంతము నడపుట మిక్కిలి సాహసకార్యము. దానికి ముందుగా 1917లోనే దారుల్ తర్జుమా అను అనువాదశాఖ ఏర్పడినది. మౌల్వీ అబ్దుల్ హఖ్ దాని తొలి నిర్వాహకుడు. ఆ శాఖలోని పండితులు ఐరోపాభాషలలోని గణిత, భౌతిక, రసాయన, చరిత్ర, తత్త్వ, న్యాయ, వైద్య గ్రంథములను వందలకొలది ఉర్దూలోనికి దించుటయే గాక, ఒక్కొక్క శాస్త్రమునకు పరిభాషను కల్పించుటకై భాషావేత్తలను, శాస్త్రజ్ఞులను ఒక్కచోట కూర్చుండబెట్టి చర్చలు నడపిరి.

ఈ ప్రయత్నము యొక్క ఘనతను తగ్గించి చెప్పుట అన్యాయము. అంతర్జాతీయ విజ్ఞానమును పాఠ్యప్రణాళికలోనికి తెచ్చుట యనగా విదేశీగ్రంథములను జాబితాలో చేర్చుట మాత్రమే కాదనియు, వానిని విద్యార్థి తన భాషలో ఆలోచింపగల స్థితికి తేవలయుననియు ఆనాటి పెద్దలు గ్రహించిరి. అందులకు ధనమును, మనుష్యులను, కాలమును వెచ్చించిరి. అయితే ఆ సంస్థానమున దాదాపు సగము జనులకు మాతృభాష తెలుగు. కన్నడము, మరాఠీ మాతృభాషలైనవారును లక్షలకొలదిగా నుండిరి. కరీంనగరము జిల్లాలోని పల్లెనుండి వచ్చిన బాలుడు ఐరోపా శాస్త్రమును చేరుటకు తనకు పరాయిదైన ఇంకొక భాషను దాటి పోవలసి వచ్చెను. తెలుగు శాఖ లేకపోలేదు. రాయప్రోలు సుబ్బారావు వంటి కవి దానికి ఆచార్యుడుగా నుండెను. కాని తెలుగు అచట ఒక పాఠ్యవిషయముగనే యుండెను, ప్రపంచ విజ్ఞానమును మోయు వాహనముగా ఏర్పడలేదు. హనుమాజీపేటలో 1931లో జన్మించిన సి. నారాయణరెడ్డి ఉర్దూ మాధ్యమముననే పట్టభద్రుడై, పిదప తెలుగున ఆచార్యుడును మహాకవియు నగుట ఆ వ్యక్తి ప్రతిభకు నిదర్శనము. అట్టి ప్రతిభ లేని వేలమంది ఆ పరాయిభాష గడపవద్దనే నిలిచిపోయిరి.

ఉస్మానియా ఆర్ట్స్ కళాశాల భవనము సైతము ఈ చరిత్రలో చెప్పదగినదే. జైన్ యార్ జంగు, సయ్యద్ అలీ రజా అను ఇరువురు వాస్తుశిల్పులు విశ్వవిద్యాలయ భవనములను పరిశీలించుటకై దేశదేశములు తిరిగి వచ్చిరి. బెల్జియము దేశపు వాస్తుశిల్పి జాస్పరు తోడ్పాటుతో భవన నిర్మాణ ప్రణాళిక సిద్ధమై, 1939లో ప్రారంభోత్సవము జరిగినది. 1948లో సంస్థానము భారతదేశమున కలిసిన పిమ్మట బోధనాభాష ఆంగ్లమునకు మాఱెను. దానితో దారుల్ తర్జుమా సమకూర్చిన గ్రంథములు తరగతిగదులనుండి తొలగిపోయినవి. ముప్పది సంవత్సరముల శ్రమ యట్లు వ్యర్థమగుట విచారకరము. ఆ పద్ధతిని వెంటనే తెలుగునకు మఱల్చియుండిన తెలంగాణ విద్యాచరిత్ర వేఱుగ నుండెడిది.

మార్లవాయి

విదేశముల విజ్ఞాన మిచటికి వచ్చుటను గూర్చియే సాధారణముగా చెప్పుకొందుము. ఇచటి జీవితము విదేశీ విశ్వవిద్యాలయముల పాఠ్యప్రణాళికను మార్చిన సందర్భమును గూర్చి చెప్పువారు తక్కువ. అట్టి సందర్భము ఆదిలాబాదు అడవులలో నున్నది. ఆస్ట్రియా దేశీయుడగు మానవశాస్త్రజ్ఞుడు క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమండార్ఫ్ రెండవ ప్రపంచయుద్ధారంభమున భారతదేశములో నుండి, జర్మను రాజ్యపు పాస్‌పోర్టు గలవాడగుటచే శత్రుదేశీయుడుగా పరిగణింపబడి, హైదరాబాదు సంస్థానపు సరిహద్దులలో మసలవలసినవాడయ్యెను. 1940లో జోడేఘాట్‌లో గోండుల తిరుగుబాటు నాయకుడు కుమ్రం భీము మరణించిన తరువాత గోండుల అశాంతికి కారణములు తెలిసికొనవలసిన అగత్యము నిజాము ప్రభుత్వమునకు కలిగినది. హైమండార్ఫ్ తన భార్య బెట్టీ ఎలిజబెత్‌తో మార్లవాయి గ్రామమున నివసించి, గోండీభాష నేర్చి, వారి కథలను, పండుగలను, భూమి తగవులను వ్రాసికొనెను. 1943లో గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణమిచ్చు కేంద్రము మార్లవాయిలో నెలకొన్నది. గోండీలో వాచకములు సిద్ధమైనవి. భూములకు పట్టాలిప్పించు కార్యము గూడ ఆయన సూచనలపై ముందునకు సాగినది. ఉస్మానియాలో ఆయన మానవశాస్త్రము బోధించి, పిదప 1949లో లండనులోని ప్రాచ్య, ఆఫ్రికా విద్యాపీఠమునకు పోయి, ఆ శాస్త్రమునకు అచట దీర్ఘకాలము ఆచార్యుడుగ నుండెను.

లండనులో మానవశాస్త్రము చదివిన ఎన్నో దేశముల విద్యార్థులకు గోండుల పెర్సాపేన్ దేవుని పూజలును, వారి గాయకులగు ప్రధానుల గానమును పాఠ్యవిషయములైనవి. ఆదిలాబాదు జిల్లా డిగ్రీ కళాశాలలో చదువు గోండు బాలికకు మాత్రము అవి తన పరీక్షలో కానరావు. ఒక సీమ విజ్ఞానము ప్రపంచమున కందియు ఆ సీమ బిడ్డలకు అందకపోవుట కంటె పెద్ద లోపము పాఠ్యప్రణాళికలో ఉండబోదు. హైమండార్ఫ్ దంపతుల సమాధులు మార్లవాయిలోనే యున్నవి. వారు వ్రాసిన గ్రంథములను ఈ సీమ కళాశాలలలో పఠనీయములుగా నిలుపుట ఇంకను జరుగవలసిన కార్యము.

స్వాతంత్ర్యానంతర సంస్థలు

స్వాతంత్ర్యము వచ్చిన పిదప విదేశీ సంస్థల సహకారముతో హైదరాబాదున పెక్కు విద్యాసంస్థలు వెలసినవి. 1958లో స్థాపితమైన కేంద్ర ఆంగ్ల విద్యాసంస్థ తరువాత ఇతర విదేశీ భాషలనుగూడ చేర్చుకొని, నేడు ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయముగా విఖ్యాతమైనది. 1964లో ఉస్మానియా ప్రాంగణమున నెలకొనిన అమెరికా అధ్యయన పరిశోధన కేంద్రపు గ్రంథాలయమును ఆశ్రయించి దేశము నలుమూలలనుండి పరిశోధకులు వచ్చెడివారు. 2001లో ప్రారంభమైన ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ అమెరికాలోని వార్టన్, కెల్లాగ్ సంస్థల తోడ్పాటుతో తన పాఠ్యక్రమమును రూపొందించుకొనెను. 2008లో ఏర్పడిన హైదరాబాదు ఐఐటి జపాను ప్రభుత్వ సహాయము పొంది, తన పట్టభద్రులను జపాను విశ్వవిద్యాలయములకు పంపుచున్నది.

వీని యన్నిటికంటె పల్లెలలోనికి లోతుగా చొచ్చుకొనిపోయినది వ్యవసాయవిద్య. 1964లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయము ఏర్పడునప్పుడు అమెరికాలోని కాన్సస్ రాష్ట్ర విశ్వవిద్యాలయము దానికి తోడునీడగా నిలిచెను. అమెరికాలో 1862 నాటి శాసనము ననుసరించి భూదానముతో వెలసిన విశ్వవిద్యాలయములు బోధన, పరిశోధన, విస్తరణ అను మూడింటిని ఒక్క కప్పు క్రిందకు తెచ్చినవి. తరగతిగదిలో చెప్పిన ఆచార్యుడే పరిశోధనా క్షేత్రమున ప్రయోగము చేయును, ఆ ఫలితమును రైతు పొలమునకు కొనిపోవు యంత్రాంగమును ఆ సంస్థయే నడపును. ఈ పద్ధతి మన దేశమునకు వచ్చినది విదేశమునుండి. అయినను జగిత్యాల దగ్గరి పొలాస పరిశోధన కేంద్రమున అది మన నేలకు తగినట్లు రూపుదాల్చి, జగిత్యాల సన్నాలు వంటి వరివంగడములను రైతులకందించినది. విదేశపు పద్ధతి స్వదేశపు సమస్యను తీర్చుటకు వినియోగపడినప్పుడే అది మనదగును. చొప్పదండి రైతు నాటిన సన్నవడ్ల వెనుక కాన్సస్ ఆచార్యుల పాఠ్యక్రమపు జాడ గలదని చెప్పుట అతిశయోక్తి కాదు. ఈ సీమలో అంతర్జాతీయీకరణమునకు దీనికి మించిన విజయవంతమైన ఉదాహరణము నాకు కానరాదు.

ఇటీవలి నిబంధనలు

2020 జాతీయ విద్యావిధానము విదేశీ విద్యార్థులను ఆకర్షించుటను, విదేశీ విశ్వవిద్యాలయములతో కలిసి పనిచేయుటను ప్రోత్సహించినది. విశ్వవిద్యాలయ ధనసహాయ సంఘము 2022లో వెలువరించిన నిబంధనల ప్రకారము, న్యాక్ మూల్యాంకనములో నాల్గింట కనీసము 3.01 అంకెను పొందిన సంస్థయో, జాతీయ శ్రేణీకరణమున మొదటి నూఱు విశ్వవిద్యాలయములలో నిలిచినదియో, ప్రతిష్ఠాసంస్థగా గుర్తింపబడినదియో విదేశీ సంస్థతో జంట డిగ్రీలను, ఉమ్మడి డిగ్రీలను సంఘము యొక్క ముందస్తు అనుమతి లేకయే నడపవచ్చును. ఉమ్మడి డిగ్రీలో ఒక్కొక్క సంస్థనుండి కనీసము నూటికి ముప్పది క్రెడిట్లు సంపాదింపవలెను. 2023 నిబంధనలు విదేశీ విశ్వవిద్యాలయములు మన దేశమున శాఖలు తెఱచుటకు మార్గము సుగమము చేసినవి. ఈ నిబంధనలన్నియు ఇదివఱకే బలముగల మహానగర సంస్థలకు ఉపకరించునవి. జిల్లా విశ్వవిద్యాలయమునకు వీనివలన కలుగు మేలు స్వల్పము. దానికి మిగిలినది, ఎవరి అనుమతియు అక్కఱలేనిది, తన పాఠ్యాంశములను తానే తిరిగి వ్రాసికొను అధికారము.

శాతవాహన విశ్వవిద్యాలయము, దాని సీమ

కరీంనగరమున 1956లో వెలసిన శ్రీ రాజరాజేశ్వర ప్రభుత్వ కళాశాల, విశ్వనాథ సత్యనారాయణ కొంతకాలము ప్రధానాచార్యుడుగా నున్న సంస్థ, మొదట ఉస్మానియాకును, పిదప వరంగల్లులోని కాకతీయ విశ్వవిద్యాలయమునకును అనుబంధమై యుండి, 2008లో స్థాపింపబడిన శాతవాహన విశ్వవిద్యాలయపు పరిధిలోనికి వచ్చెను. చొప్పదండి ప్రాంతపు విద్యార్థులకు ఉన్నతవిద్యాద్వారము ఈ విశ్వవిద్యాలయమే. దీని పాఠ్యప్రణాళికలో అంతర్జాతీయ దృష్టి ఎచట మొదలు కావలెనో ఆ సీమ జీవితమే సూచించుచున్నది.

గల్ఫ్ వలస అన్నిటికంటె ముందు చెప్పదగినది. 1973 పిమ్మట చమురు ధర పెరిగి గల్ఫ్ దేశములలో నిర్మాణకార్యములు విజృంభించిన నాటినుండి కరీంనగరము, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతముల పురుషులు అచటికి కూలిపనికి పోవుచున్నారు. ఏజెంటు, ఆజాద్ వీసా, కఫీలు (పూచీపడు యజమాని), అకామా (నివాస అనుమతిపత్రము), కల్లివెల్లి అను మాటలు ఈ ఊళ్లలో అక్షరాస్యులకు, నిరక్షరాస్యులకు సమానముగ తెలిసినవే. యజమాని చేతిలో పాస్‌పోర్టు చిక్కుకొనుట, ఒప్పుకొనిన జీతము అందకపోవుట, పని విడిచి పాఱిపోయి కల్లివెల్లిగా తిరుగుట, మరణించినవాని దేహమును స్వగ్రామమునకు తెప్పించుటకు కుటుంబము పడు అగచాట్లు ఇవియన్నియు ఈ సీమకు నిత్యానుభవములు.

ఈ ఒక్క విషయమును చేపట్టి ఎన్ని శాస్త్రములను ప్రపంచముతో జతపఱుపవచ్చునో పరిశీలింపదగును. న్యాయశాస్త్ర విద్యార్థి మన దేశపు 1983 వలస చట్టమును, కార్మికుని యజమానికి కట్టిపడవేయు గల్ఫ్ దేశముల కఫాలా పద్ధతిని, యజమాని అనుమతి లేకయే కార్మికుడు ఉద్యోగము మారుటకు 2020లో కతారు చేసిన సంస్కరణమును ప్రక్కప్రక్కన నిలిపి చదువవలెను. వలసకార్మికుల హక్కులను గూర్చిన 1990 నాటి ఐక్యరాజ్యసమితి ఒడంబడికను ఫిలిప్పీన్సు ఆమోదించినది, భారతదేశము ఆమోదింపలేదు. తన కార్మికులకొఱకు ప్రమాణ ఒప్పందపత్రమును తయారుచేసి, విదేశీ యజమానులు దానిని పాటింపవలెనని పట్టుబట్టిన ఆ ద్వీపదేశపు అనుభవము జగిత్యాల యువకునకు అమెరికా రాజ్యాంగ చరిత్రకంటె దగ్గఱి పాఠము. అర్థశాస్త్ర విద్యార్థి 1998 మొదలు తిరువనంతపురమందలి అభివృద్ధి అధ్యయన కేంద్రము కేరళలో సాగించిన వలస సర్వేక్షణలను చదివి, ఆ పద్ధతిని తన మండలమునకు అన్వయింపవచ్చును. సమాజశాస్త్ర విద్యార్థి భర్త దుబాయిలో నుండగా సేద్యమును, పిల్లల చదువును, అప్పును ఒంటరిగ మోయు స్త్రీల జీవితమును, మెక్సికో, నేపాలు దేశముల పల్లెలలో అట్లే వెనుక మిగిలిన స్త్రీల జీవితముతో పోల్చి చూడవచ్చును. ఇందులకు విమానపు ఖర్చు లేదు, ఒడంబడిక పత్రము లేదు. సమర్థుడైన అధ్యాపకుడును, మంచి గ్రంథములును చాలును.

తక్కిన విషయములును అట్టివే. గంగాధర ప్రాంతపు గుట్టలనుండి తొలిచిన టాన్ బ్రౌన్ గ్రానైటు రాతిదిమ్మెలు ఓడలెక్కి చైనాకు పోయి, అచట పలకలై ఇతర దేశముల భవనములకు చేరుచున్నవి. భూగర్భశాస్త్రము, వాణిజ్యశాస్త్రము, పర్యావరణశాస్త్రము మూడును ఆ రాతిలో కలిసియున్నవి. ముడిరాయి పోయి విలువ వేఱుచోట చేరుట ఎట్లో, తొలిచిన గుట్టలకును పోయిన చెఱువు నీటికిని లెక్క కట్టుట ఎట్లో బి.కాం. విద్యార్థి తన ఊరి క్వారీనుండియే తెలిసికొనగలడు. జమ్మికుంట విపణిలో పత్తి ధర న్యూయార్కు ముందస్తు వ్యాపారముతో ఊగిసలాడుచుండును. భౌగోళిక గుర్తింపు పొందిన కరీంనగరపు వెండితీగె నగిషీ పనిని ఒడిశాలోని కటకపు తారకసితోను, పోర్చుగలు, మాల్టా దేశముల వెండితీగె పనులతోను పోల్చి చదివిన విద్యార్థికి అట్టి గుర్తింపును గూర్చిన ప్రపంచ వాణిజ్యసంస్థ నియమములు సులభముగ బోధపడును.

చొప్పదండిలోని జవహర్ నవోదయ విద్యాలయమున ఇట్టి దృష్టికి చిన్న పునాది ఇదివఱకే పడియున్నది. నవోదయ పద్ధతి ననుసరించి తొమ్మిదవ తరగతిలో నూటికి ముప్పదిమంది విద్యార్థులు ఒక సంవత్సరము హిందీ ప్రాంతపు విద్యాలయమునకు పోవుదురు, అచటివారు ఇచటికి వత్తురు. పదునాలుగేండ్ల పిల్లలు వేఱొక భాష నడుమ, వేఱొక తిండి తినుచు ఏడాది గడపి వచ్చిన పిదప వారి మాటతీరునందును, ఇతరుల యెడ ఓర్పునందును కలుగు మార్పును ఉపాధ్యాయులు గమనించియే యుందురు. అట్టి ఏర్పాటు మన జిల్లా విశ్వవిద్యాలయముల నడుమ లేకుండుట చింతింపదగినది. శాతవాహన విశ్వవిద్యాలయ విద్యార్థి ఒక అర్ధసంవత్సరము కేరళలోనో, అస్సాములోనో చదువగల వీలు కల్పించినచో, విదేశయాత్రకు సమానమగు ఫలము స్వల్పవ్యయముతో సిద్ధించును.

భాషాసమస్య

ఈ కార్యమునకు ప్రధానమగు ఆటంకము ధనాభావము కాదు, తెలుగున తగిన గ్రంథములు లేకుండుట. ఉస్మానియా యుగమున ఉర్దూ ఎట్టి అడ్డుగోడగా నిలిచెనో, నేడు ఆంగ్లము గ్రామీణ విద్యార్థులలో పెక్కుమందికి అట్లే నిలిచియున్నది. ఆంగ్లము నేర్వవలసినదే, అందు సందేహము లేదు. కాని ఆంగ్లము పూర్తిగ పట్టువడువఱకు ప్రపంచ జ్ఞానమును నిలిపివేయుట న్యాయము కాదు. నాటి కరీంనగరము జిల్లా వంగరలో పెరిగి, పెక్కు భాషలు నేర్చి, విశ్వనాథ వేయిపడగలను హిందీలోనికి అనువదించిన పి.వి. నరసింహారావు విద్యామంత్రిగా నుండి 1968లో తెలుగు అకాడమిని స్థాపించునప్పుడు ఉన్నతవిద్యకు తెలుగున పాఠ్యగ్రంథములు సిద్ధము చేయుటయే లక్ష్యముగా నిర్ణయించెను. అకాడమి పారిభాషిక పదకోశములను, ఇంటర్మీడియట్, డిగ్రీ గ్రంథములను వెలువరించి గొప్ప సేవ చేసినది. అయినను వానిలో అధికభాగము పరీక్షకు పనికివచ్చు సంగ్రహములు. దారుల్ తర్జుమా వలె ప్రపంచభాషలలోని మూలగ్రంథములను సాంతముగ తెలుగున చదువగల స్థితిని అవి కల్పింపలేదు. సాంకేతిక విద్యను ప్రాంతీయ భాషలలో నడపుటకు అఖిలభారత సాంకేతిక విద్యామండలి 2021లో ఇచ్చిన అనుమతి ఇంజనీరింగునకు కొంత మార్గము చూపినది గాని, మానవీయశాస్త్రములకు అట్టి పూనిక ఇంకను రాలేదు.

కావున ఈ సీమ కళాశాలల అధ్యాపకులకును, పాఠ్యమండలుల సభ్యులకును చేయదగిన మనవి యొకటి గలదు. రాబోవు పాఠ్యప్రణాళికా సవరణమున గల్ఫ్ వలసను గూర్చి తెలుగున ఒక సమగ్ర పాఠ్యగ్రంథమును, మార్లవాయి చరిత్రను గూర్చి తెలుగునను గోండీలోను ఒక పఠనీయ సంపుటమును చేర్చి, వాని రచనకు అధ్యాపకులనే గాక గల్ఫ్‌నుండి తిరిగివచ్చిన కార్మికులను, గోండు పెద్దలను సలహాదారులుగా పిలువవలెను.